మూగపైపు డాండ్

స్కాట్లండ్‌లోని కెల్‌హోప్ ఊళ్ళో డాండ్ ఇంగ్లిస్‌తో మాట కలిపి నవ్వు మొహంతో ఇంటికి వెళ్ళినవాడు లేడు. ఇళ్ళ కప్పుల మీద పలకరాళ్ళు పరచడం ఆయన పని. కప్పు మీద ఉన్నంతసేపూ కిందివాళ్ళని తిట్టడం ఆయన కాలక్షేపం. చర్చి పాదిరీ నిచ్చెన దగ్గర నిలబడి, వాన వచ్చేలోగా పని అవుతుందా అని మర్యాదగా అడిగితే, "నీకు పైవాడితో పరిచయం ఉందిగా, ఆయన్నే అడుగు" అన్నాడు. టీచరమ్మ టీ కప్పు పంపిస్తే చక్కెర తక్కువైందని వెనక్కి పంపాడు. అయినా ఊరంతా ఆయన్నే పిలిచేది. ఎందుకంటే డాండ్ పరిచిన కప్పు కారదు. ఈ సంగతి ఆయనకి తెలుసు, తెలుసన్న సంగతి ఊరికీ తెలుసు. అదే అసలు బాధ.

మనిషి ఆరడుగుల మీద ఇంకో జానెడు. రొమ్ము దాకా ఎర్రగడ్డం, అందులో ఇప్పుడు సగం నెరిసింది. మోకాళ్ళ దాకా గళ్ళ కిల్ట్ కట్టి, ఈకల టోపీ పెట్టి, భుజం మీద బ్యాగ్‌పైప్ వేసుకుని నిలబడ్డాడంటే విస్కీ సీసా మీది బొమ్మ లేచి వచ్చినట్టే ఉంటాడు. కెల్‌హోప్ బ్యాండులో ఆయన స్థానం మొదటి వరసలో కుడి చివర. ఏ ఊరెళ్ళినా ముందు కనబడేది ఆయనే.

బ్యాండంటే గొప్ప బ్యాండేమీ కాదు. ఒక పోస్ట్‌మాన్, ఇద్దరు బడిపంతుళ్ళు, ఒక పళ్ళ డాక్టరు, మూతబడ్డ ఉన్ని మిల్లులో ఒకప్పుడు పనిచేసిన ఆడవాళ్ళు నలుగురు, ఇంకా అలాంటివాళ్ళే. జీతమూ బత్తెమూ లేని సరదా. శీతాకాలం చివర స్కాట్లండ్ జట్టు రగ్బీ ఆడటానికి పరాయి దేశం వెళ్ళినప్పుడల్లా వీళ్ళూ సెలవులు పెట్టి, సొంత డబ్బుతో టిక్కెట్లు కొనుక్కుని బయల్దేరతారు. శుక్రవారం వీధుల్లో వాయిస్తారు, శనివారం అభిమానుల ముందు నడుస్తూ స్టేడియం దాకా వాయిస్తారు, తాగుతారు, ఓడిపోయిన జట్టుని తిట్టుకుంటూ ఆదివారం ఇంటికొస్తారు. సోమవారం పోస్ట్‌మాన్ పెదవులు వాచి ఉంటాయి, ఉత్తరాలు తప్పుడు ఇళ్ళకి వెళతాయి.

ఇలాంటి బ్యాండ్లన్నిటిలో ఒక రహస్యం ఉంది. చూడటానికి పన్నెండు పైపులు నడుస్తుంటాయి, మోగేవి తొమ్మిదే ఉంటాయి. వేళ్ళు ఆడించే గొట్టం తలలో రెల్లుతో చేసిన చిన్న పీక ఉంటుంది. అది మోగితేనే పాట. ఎవరి పీక అయినా అపస్వరం పలికితే పైప్ మేజర్, అంటే బ్యాండు పెద్ద, నడక మొదలయ్యే ముందు వాళ్ళ ఎదుట ఆగి అరచెయ్యి చాపుతాడు. పీక ఊడదీసి ఆ చేతిలో పెట్టాలి. భుజం మీది శ్రుతి గొట్టాలకి బిరడాలు కొట్టుకోవాలి. ఆ తర్వాత బుగ్గలు పూరించి, వేళ్ళు ఆడిస్తూ, ఉత్త గాలి తిత్తిని చంకలో పెట్టుకుని నడవాలి. వీళ్ళని మూగలు అంటారు. చూసే జనానికి ఏమీ తెలియదు. బ్యాండులో వాళ్ళు ఇంటికెళ్ళాక ఎవరు మూగో బయటికి చెప్పరు. చెప్పకపోవడమే మర్యాద.

డాండ్ ఇంగ్లిస్ పద్దెనిమిదేళ్ళుగా మూగ.

దాని మొదలు డబ్లిన్‌లో. అప్పుడు డాండ్‌కి నలభై దాటాయి, వాయిద్యమంటే ప్రాణం. ఆయన తండ్రి కూడా పైపులు వాయించినవాడే. ఊపిరితిత్తులు పాడై మానేశాడు. కొడుకు పరాయి గడ్డ మీద వాయిస్తుంటే వినాలని ఆ ముసలాయన పడవెక్కి వచ్చి, రోడ్డు పక్కన చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. బ్యాండు కదలబోతుండగా పైప్ మేజర్ గిబ్ లైడ్లా వరస వెంట వచ్చి డాండ్ ఎదుట ఆగాడు. చెయ్యి చాపాడు. అందరూ చూస్తుండగా డాండ్ పీక తీసి ఇచ్చాడు. తండ్రి ముందు నుంచి బుగ్గలు పూరించి నడుచుకుంటూ పోయాడు.

"జనం గోలలో నీ పైపు పోల్చుకోలేకపోయాన్రా" అన్నాడు తండ్రి ఆ సాయంత్రం.

"గోల ఎక్కువగా ఉంది నాన్నా" అన్నాడు డాండ్.

మరుసటి ఏడాది తండ్రి పోయాడు. డాండ్ మంగళవారాల బ్యాండు సాధనకి వెళ్ళడం మానేశాడు. ఊళ్ళో ఊరేగింపులైతే బ్యాండు జెండా మోస్తాడు, పైపు ముట్టుకోడు. కానీ పై దేశం ప్రయాణం వచ్చిందంటే మాత్రం అందరికన్నా ముందు బూట్లకి పాలిష్ పట్టి సిద్ధం. బ్యాండుకి ఆ ఎత్తూ ఆ గడ్డమూ కావాలి. డాండ్‌కి గిబ్ ఎదురుగా నిలబడి ఆయన్ని అసహ్యించుకోవడం కావాలి. పారిస్, కార్డిఫ్, రోము, మళ్ళీ డబ్లిన్, ఎక్కడికైనా ఇదే తంతు. గిబ్ వరస వెంట వస్తాడు, డాండ్ పీక ఆయన చేతిలో పడుతుంది, గిబ్ దాన్ని నడుముకి వేలాడే తోలు సంచిలో వేసుకుంటాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండదు. పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఆ పీక కోసమే డాండ్ ప్రతి చలికాలమూ పేరున్న పనివాడి దగ్గర కొత్తది కొనేవాడు. వాయించడానికి కాదు, గిబ్ చేతిలో పడెయ్యడానికి. చెత్త పీక ఇస్తే, చెత్తగా వాయిస్తాడు కనకే తీసేశారని బ్యాండువాళ్ళు అనుకుంటారుగా.

ఆయనకి మూగపైపు అని పేరు పెట్టింది నెట్టా స్కౌలర్. పెద్ద డోలు ఆమెది. ఉన్ని మిల్లులో పాతికేళ్ళు యంత్రాల మధ్య అరిచి అరిచి, మామూలుగా మాట్లాడటం మర్చిపోయిన మనిషి.

పోయిన శరత్కాలంలో, రోములో జరగబోయే మ్యాచ్‌కి అక్కడి రగ్బీ క్లబ్బు వాళ్ళు వేసిన పోస్టరు ఒకటి కెల్‌హోప్ చేరింది. పోస్టరు నిండా డాండే. నాలుగేళ్ళ కింద అక్కడి వీధిలో తీసిన ఫొటో. బుగ్గలు బుడగల్లా ఉన్నాయి, కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. నెట్టా దాన్ని తెచ్చి పబ్బులో, సరిగ్గా డాండ్ కూర్చునే బల్ల పైన అంటించింది.

"బుగ్గలు భలే ఊదావయ్యా డాండ్!" అంది, పబ్బు పబ్బంతా వినేలా. "ఇంకాస్త గట్టిగా ఊదుంటే చప్పుడు కూడా వచ్చేసేదేమో!"

పబ్బు గొల్లుమంది. రహస్యం బయటపెట్టకూడదన్న మర్యాద ఆ ఒక్క నవ్వుతో గంగలో కలిసింది. గిబ్ మూలన కూర్చుని ఉన్నాడు. నవ్వలేదు. ఆయన నవ్వకపోవడమే డాండ్‌కి ఎక్కువ మండించింది. గ్లాసులో బీరు అలాగే వదిలేసి లేచాడు. ఈసారి రోములో వాయించి తీరతాననీ, ఆ గిబ్ చెవుల్లో మోగిస్తాననీ ఆ వీధి మలుపు తిరిగేలోపే ఒట్టు పెట్టుకున్నాడు.

ఇంటి దగ్గర సాధన చేస్తే ఊరంతా వింటుంది. అందుకని కొండ మీద, మంచులో గొర్రెలు తలదాచుకోవడానికి పేర్చిన రాతి దొడ్డి చూసుకున్నాడు. పలకరాళ్ళ పని అయ్యాక వ్యానులో అక్కడికి పోయేవాడు. మొదటి రోజుల్లో తిత్తి నిండేది కాదు, పెదవులు నిలిచేవి కావు, గొర్రెలు లేచిపోయేవి. కప్పుల మీద పనిచేసి మొద్దుబారిన వేళ్ళు రంధ్రాల మీద సరిగా కూర్చునేవి కావు. తిట్టుకుంటూ వాయించాడు. వానలో వాయించాడు, వడగళ్ళలో వాయించాడు. రోములో బ్యాండు నడుస్తూ వాయించబోయే మూడు మార్చ్ పాటలూ నేర్చుకున్నాడు. జనవరి దాటేసరికి వేళ్ళకి పాత తెలివి తిరిగొచ్చింది. ఫిబ్రవరిలో ఒకరోజు గొర్రెలు కదలకుండా పడుకునే ఉన్నాయి. తండ్రి పోయాక అంత ఆనందం ఆయనకి కలగలేదు. అలాంటి ఆనందం కలిగినందుకు కూడా గిబ్‌నే తిట్టుకున్నాడు.

మార్చిలో రోము చేరారు. అక్కడి క్లబ్బు తరఫున ఓర్నెల్లా అనే ఆవిడ ఎదురొచ్చింది. పొట్టిగా, చురుగ్గా, చేతిలో ఎప్పుడూ ఫోనుతో ఉంటుంది. బ్యాండులో ఇంకెవరినీ పలకరించకుండా తిన్నగా డాండ్ దగ్గరికి వచ్చింది.

"మా పోస్టరు మహానుభావా! మీరు లేకపోతే ఊరేగింపే లేదు. ముందు మీరే నడవాలి, సరేనా?"

"నేను ముందే నడుస్తాను. నీ కళ్ళు కనబడవా?" అన్నాడు డాండ్.

ఆవిడకి ఆయన యాస సగమే అర్థమైంది. సగమే అర్థమైంది కనక నవ్వింది.

శుక్రవారం మధ్యాహ్నం నది పక్క వీధిలో వరస కట్టారు. ఎండ చురుక్కుమంటోంది. ఉన్ని మేజోళ్ళలో అందరి కాళ్ళూ ఉడికిపోతున్నాయి. జనం రెండు వైపులా నీలం జెండాలతో, కాగితం గ్లాసులతో నిలబడి ఉన్నారు. గిబ్ వరస వెంట వస్తున్నాడు. పొట్టి మనిషి, బట్టతల, తుపాకి గొట్టంలాంటి ముక్కు. ఒక్కొక్కరి చేత వాయింపించి, చెవి వంచి విని, భుజం మీది శ్రుతి గొట్టాలని జరిపి సరిచేస్తున్నాడు. ఎవరి శ్రుతి వాళ్ళు సరిచేసుకోలేరు. రెండు చేతులూ పాటలోనే ఉంటాయి, చెవేమో తన మోతలోనే మునిగి ఉంటుంది. ఇంకొకరు రావాల్సిందే.

గిబ్ డాండ్ ముందుకి వచ్చేసరికి డాండ్ చెయ్యి అప్పటికే చాచి ఉంది. అరచేతిలో పీక. గిబ్ దాన్ని చూశాడు, డాండ్ గడ్డం వైపు చూశాడు, తీసి సంచిలో వేసుకుని పక్కవాడి దగ్గరికి పోయాడు.

అది వేరే పీక. అసలుది గొట్టం తలలోనే ఉంది. బిరడాలు పొద్దున్నే తీసి హోటల్ చెత్తబుట్టలో పడేశాడు. మెడ మీద చెమట కారుతోంది. భయంతో కాదని తనకి తానే చెప్పుకున్నాడు.

"ఏవయ్యా, ఎండకా అంత చెమట?" వెనక నుంచి నెట్టా.

"నోర్మూసుకుని డోలు కొట్టు."

డప్పుల మీద మొదటి దరువు పడింది. తిత్తులు చంకల్లోకి ఎక్కాయి. రెండో దరువుకి శ్రుతి మోగింది. ఆ శ్రుతిలో డాండ్ శ్రుతి కూడా ఉంది. ఒక్క వెంట్రుకవాసి తేడా తప్ప కలిసిపోయింది. ఆ తర్వాత పాట.

డాండ్ వాయించాడు. గొర్రెల దొడ్డిలో ఎంత బాగా వాయించాడో అంతకన్నా బాగా వాయించాడు. ఎడమ పక్క పోస్ట్‌మాన్ ఉలిక్కిపడి చూశాడు, ఒక స్వరం తప్పాడు, మళ్ళీ అందుకున్నాడు. ముందు నడుస్తున్న గిబ్ వీపు మాత్రం కదలలేదు. మూడో పాదంలో ఆ తల ఒక్కసారి పక్కకి వాలింది, అంతే. మొదటి మార్చ్ నుంచి రెండో దానికి, రెండో దాని నుంచి మూడో దానికి ఆగకుండా మారారు. డాండ్ ఒక్క మలుపు కూడా తప్పలేదు. జనం ఎప్పటిలాగే ఫోనులెత్తారు. ఈ పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి, తీస్తే తీసుకోండి వెధవల్లారా అనిపించింది. ఇప్పుడు వాళ్ళు తీస్తున్నది అబద్ధం కాదు. వాయిస్తూనే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

ఫౌంటెన్ ఉన్న చౌరస్తాలోకి వచ్చారు. గిబ్ భుజం లేచింది. మూడో మార్చ్ చివరి స్వరం. బ్యాండు ఒక్క కత్తి వేటుకి తెగినట్టు ఆగింది.

డాండ్ ఆగలేదు.

ఆగడం ఆయనకి రాదు. కొండ మీద ఒంటరిగా వాయించేవాడికి ఎప్పుడు ఆపాలనిపిస్తే అప్పుడే చివర. తిత్తిలో గాలి అయిపోయేదాకా అది మూలుగుతుంటే ఆయన వ్యాను వైపు నడిచేవాడు. పదిమందితో పాటు ఒకే క్షణంలో చంక వదలాలన్నది మూగవాడికి పద్దెనిమిదేళ్ళుగా అవసరం పడని విద్య. చౌరస్తా అంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో డాండ్ పైపు ఒక్కటే కీచుమని పైకెక్కి, కిందికి జారి, ఈనలేని ఆవులా చాలాసేపు మూలిగి, చివరికి ఒక తేన్పుతో చచ్చింది.

ముందు ఒక పిల్లాడు ఆ మూలుగుని అనుకరించాడు. తర్వాత చౌరస్తా అంతా నవ్వింది. ఓర్నెల్లా చప్పట్లు కొట్టి, "ఇది కూడా మీ సంప్రదాయమా?" అని అడిగింది. నెట్టా డోలు మీద వాలిపోయి, నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది.

డాండ్‌కి తల కొట్టేసినట్టయింది. వరస వదిలి, జనాన్ని తోసుకుంటూ పక్క సందులోకి పోయాడు. అక్కడొక కాఫీ కొట్టు వెనక ఖాళీ సీసాల పెట్టెలున్నాయి. ఒకదాని మీద కూలబడి, పైపుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

గిబ్ వెనకే వచ్చాడు. సందు మొదట్లోనే మొదలెట్టాడు.

"దొంగ పీక ఇచ్చి నన్ను వెధవని చేస్తావట్రా?"

"నువ్వు పుట్టినప్పుడే వెధవ్వి. నేను చేసేదేముంది?"

"బ్యాండు పరువు రోడ్డు మీద పడేశావ్. పసిపిల్లలకి తెలుసు ఎప్పుడు ఆపాలో. నీకు తెలీదా?"

"ఎలా తెలుస్తుందిరా?" డాండ్ లేచాడు. సీసాల పెట్టె దొర్లింది. "ఎవడితో కలిసి ఆపాను గనక తెలుస్తుంది? పద్దెనిమిదేళ్ళు నా నోట్లో గుడ్డలు కుక్కి నడిపించావ్. ఎగ్జిబిషన్‌లో ఎలుగుబంటిని తిప్పినట్టు ఊళ్ళు తిప్పావ్. మా నాన్న రోడ్డు పక్కన కర్ర పట్టుకుని నిలబడితే, ఆయన ముందే పీక తీశావు కదరా! నా వాయింపు వినడానికి పడవెక్కి వచ్చాడాయన. వినకుండానే పోయాడు."

గిబ్ ముక్కు రుద్దుకున్నాడు.

"మీ నాన్న వచ్చాడని నాకు తెలీదు."

"తెలిస్తే తీసేవాడివి కాదా?"

"తీసేవాణ్ణే" అన్నాడు గిబ్. "ఆ రోజు నీ పీక కొత్తది, నానలేదు, మేకలా అరుస్తోంది. సరిచెయ్యడానికి టైము లేదు. ఎవడి నాన్న నిలబడినా తీసేవాణ్ణి. నీది ఒక్కటే తీశానా? పోస్ట్‌మాన్‌ది తీశాను. నెట్టా చెల్లెలిది తీశాను. వాళ్ళిద్దరూ ఆ సాయంత్రమే వచ్చారు. పోస్ట్‌మాన్ నా తల్లిని కూడా తిట్టాడు. నెట్టా చెల్లెలు బీరు మొహాన కొట్టింది. పీకలు తీసుకుపోయారు, మర్నాడు వాయించారు. నువ్వు రాలేదు."

"నిన్ను బతిమాలుకోవాలా?"

"తిట్టడానికి రావచ్చుగా! ఊళ్ళో అందర్నీ తిడతావ్, నన్ను తిట్టడానికి నీకు నోరు పడిపోయిందా?"

డాండ్ దొర్లిన పెట్టెని కాలితో పక్కకి తన్నాడు.

"తర్వాతి ఏడాది పారిస్‌లో" అన్నాడు గిబ్. ఆయన గొంతు ఇప్పుడు తగ్గింది. తగ్గేసరికి మరీ గుచ్చుకుంది. "నీ శ్రుతి సరిచేద్దామని వచ్చాను. నీ చెయ్యి చాచి ఉంది, నా మొహం మీదికి. పీక అందులో. నేను చెయ్యి చాపలేదు. నోరు కూడా తెరవలేదు. కార్డిఫ్‌లో అంతే. ఇక్కడ అంతే. నేను తీసింది ఒక్కసారి డాండ్. డబ్లిన్‌లో, ఒక్కసారి. మిగతావన్నీ నువ్వే ఇచ్చావ్."

"అబద్ధం."

"అబద్ధమా? ఇందాక ఏం చేశావ్? నేనడిగానా?"

డాండ్ పారిస్ గుర్తు తెచ్చుకున్నాడు. వంతెన, సన్నని వాన, వరస. ఆ వానలో ఎంత వెతికినా గిబ్ చాచిన చెయ్యి కనబడలేదు. కనబడింది తన అరచెయ్యే, తడిసి, మధ్యలో కొత్త పీకతో. కార్డిఫ్ గుర్తు తెచ్చుకున్నాడు. అక్కడా తన చెయ్యే. ఊరు తర్వాత ఊరు వెనక్కి పోయి, గిబ్ దోషం కోసం జేబులు తడుముకున్నట్టు తడుముకున్నాడు. ఒక్క డబ్లిన్ తప్ప ఇంకేమీ దొరకలేదు. ఇన్నేళ్ళూ మోసిన పగలో సగానికి పైగా తన సొంత సరుకే. ఆయనకి ఏడుపొచ్చింది. ఏడుపు రావడంతో కోపమొచ్చింది. ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో మొదటిసారి తెలియలేదు.

"ఎందుకు తీసుకున్నావ్ మరి?" అన్నాడు చివరికి. "ఇస్తే తీసుకోవడమేనా? వద్దని అనలేవూ?"

"నీకు ఫొటోలే ముద్దనుకున్నాను. వాయించే బాధ లేకుండా ఊళ్ళు తిరగడం నచ్చిందనుకున్నాను." గిబ్ గోడకి ఆనుకున్నాడు. "అదొక్కటే కాదులే. నీ పొగరు చూసి నాకూ ఒళ్ళు మండేది. ఇస్తున్నావుగా, ఛస్తే అడగను అనుకున్నాను. నేనేం దేవుణ్ణి కాదు."

"కాదు. ముమ్మాటికీ కాదు."

"పైగా మంచి పీకలు, ఏడాదికొకటి. పారేస్తానా? నేర్చుకునే పిల్లలకి ఇచ్చేవాణ్ణి. మన బ్యాండులో సగం మంది నీ పీకల మీదే పైకొచ్చారు."

"నా పీకలా?" అరిచాడు డాండ్. "ఒక్కోటీ ఏరి కొన్నాను కదరా! వాటిని తీసుకెళ్ళి ఆ బచ్చాగాళ్ళకి పంచిపెట్టావా?"

"నీకు అక్కర్లేదుగా. మూడో పాదంలోనే విన్నాను ఇందాక" అన్నాడు గిబ్, కాఫీ కొట్టు గోడ వైపు చూస్తూ. "ఎవడో కొత్తవాడు కలిశాడనుకున్నాను. నా వెధవల్లో సగం మంది కన్నా నయంగా వాయించాడు. నువ్వని తెలిశాక చేతికందింది నీ మీద విసరాలనిపించింది. ఇలా వాయించేవాణ్ణి పద్దెనిమిదేళ్ళు జెండా కర్రలా నడిపించాను. నీ కోసం కాదు, బ్యాండు పోగొట్టుకున్నదానికి నా కడుపు మండుతోంది."

సందు చివర నెట్టా తల కనబడింది. "కొట్టుకున్నారా, ఇంకా లేదా? జనం అడుగుతున్నారు" అని కేకేసింది. ఇద్దరూ ఒకేసారి ఆమెని పొమ్మని తిట్టారు. ఆమె పోయింది.

"రేపు స్టేడియానికి పీక పెట్టుకునే రా" అన్నాడు గిబ్. "పొద్దున్నే హోటల్ పెరట్లోకి దిగు. ఆపడం నేర్పుతాను. నేర్పినా రాకపోతే అప్పుడు నిజంగానే తీస్తాను."

"నిన్ను క్షమించాననుకోకు."

"నేనడగలేదు" అన్నాడు గిబ్.

పొద్దున్న పెరట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా సాధన చేశారు. గిబ్ భుజం పైకి లేస్తుంది, దిగుతుంది. దిగినప్పుడు చంక వదలాలి. డాండ్ ముందు వదిలాడు, వెనక వదిలాడు, మళ్ళీ మూలిగించాడు. "మొద్దువా? భుజం చూడమంటే నా ముక్కు చూస్తావేం?" అని గిబ్ అరిచాడు. "భుజం కనబడితే కదా, ఆ ముక్కు అడ్డంగా ఉంటే!" అని డాండ్ అరిచాడు. పై అంతస్తుల్లో కిటికీలు తెరుచుకుని, ఇటాలియన్ భాషలో ఇద్దర్నీ కలిపి తిట్టాయి. అలా చాలాసేపు గడిచాక ఒకసారి ఇద్దరి పైపులూ ఒకేసారి ఆగాయి. ఆ చిన్న నిశ్శబ్దంలో ఇద్దరికీ ఏం చెయ్యాలో తోచలేదు. గిబ్ గొంతు సవరించుకుని టిఫినుకి పోయాడు.

మధ్యాహ్నం స్టేడియం దారి మొదట్లో మళ్ళీ వరస. ఈసారి జనం ఎక్కువ, గోల ఎక్కువ. గిబ్ ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వస్తున్నాడు. డాండ్ తన కుడిచేతిని కిల్ట్‌కి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఆ చెయ్యి తనంత తనే చాచుకుంటుందేమోనని నిజంగా భయపడ్డాడు.

గిబ్ ఆయన ముందు ఆగాడు. "వాయించు" అన్నాడు.

డాండ్ వాయించాడు. గిబ్ చెవి వంచి విన్నాడు, మొహం చిట్లించాడు. అందరికన్నా పొడుగాటి శ్రుతి గొట్టం కోసం చెయ్యెత్తాడు. అందలేదు. మునివేళ్ళ మీద లేచాడు. అయినా అందలేదు. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. డాండ్ వెన్ను కర్రలా నిలబెట్టి, ఎదురుగా ఉన్న చెట్టు కొమ్మలని చూస్తూ వాయిస్తూనే ఉన్నాడు. ఈ పొట్టివాడి కోసం తను వంగడమా? ఎగిరి అందుకోనీ. అందరి ముందూ కోతిలా ఎగరనీ.

"వంగరా, చచ్చినోడా" అన్నాడు గిబ్, ఆయనకి మాత్రమే వినబడేంత మెల్లగా.

డాండ్ ఇంకో రెండు పాదాలు అలాగే వాయించాడు. తర్వాత మోకాళ్ళు వంచాడు.

గిబ్ వేళ్ళు గొట్టాన్ని పట్టుకుని కాస్త పైకి జరిపాయి, కాస్త కిందికి జరిపాయి. భుజం మీద నిన్నటి నుంచి పోట్లాడుతున్న రెండు స్వరాలు ఒకటయ్యాయి. ఆ మోత డాండ్ దవడ ఎముకల్లోకీ ఛాతీలోకీ దిగింది. పద్దెనిమిదేళ్ళుగా ఇంకో మనిషి చెయ్యి ఆ పైపు మీద పడలేదు. గిబ్ తల ఊపి పక్కవాడి దగ్గరికి పోయాడు.

డాండ్ నిటారుగా నిలబడ్డాడు. గడ్డంలోకి కన్నీళ్ళు జారుతున్నాయి. రెండు చేతులూ పాటలో ఉన్నాయి కనక తుడుచుకోవడానికి లేదు. పాట ముగిసేదాకా అలాగే కార్చుకున్నాడు. ఆపాక చూస్తే, పోస్ట్‌మాన్ తన వైపు కన్నార్పకుండా చూస్తున్నాడు.

"ఏంట్రా చూస్తున్నావ్?" అన్నాడు డాండ్. "ముందు నీ శ్రుతి చూసుకో."